బెరిల్ వెళ్ళాక మా తలుపు తట్టినవాళ్ళు

ఆ సంతకం మా ఆయన పెన్నుతో పెట్టలేదు, వేలితో గీశారు. పైకప్పు రిపేరు చేస్తానంటూ వచ్చినతను ట్యాబ్లెట్‌ని తన చేతిలోనే పట్టుకుని, కింద ఖాళీ గడి ఉన్న చోటు చూపించి, ఇక్కడ గీస్తే చాలు సార్, మీ రూఫ్ ఎక్కి చూడ్డానికి పర్మిషన్, అంతే అన్నాడు. ఆ గడికి పైన ఏం రాసుందో మాకు కనపడలేదు, మేం అడగనూ లేదు. 2024 జులై 11, గురువారం, బెరిల్ హరికేన్‌కి కరెంటు పోయి నాలుగో రోజు. ఇంట్లో ఉక్కతో గోడలు కూడా వేడెక్కిపోయి ఉన్నాయి, ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్య ఇన్సులిన్ ఐస్ బాక్సులో ఉంది, ఆ ఐస్ కోసం మా ఆయన రోజూ గంటన్నర తిరిగి వస్తున్నారు, మేడ మీద పిల్లల గదిలో ఓక్ చెట్టు కొమ్మ పైకప్పుని చీల్చుకుని లోపలికి దిగి ఉంది. ఆ స్థితిలో ఒక మనిషి వచ్చి నేను చూసుకుంటాను అంటే దేవుడే పంపించాడు అనుకుంటాం. మేమూ అలాగే అనుకున్నాం.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం, మొన్న మా వాట్సాప్ గ్రూపులో ఫ్లోరిడాలో ఉండే ఒకామె, హరికేన్ వస్తే ముందు ఎవరికి ఫోన్ చేయాలి అని అడిగితే ఇరవై మంది ఇరవై రకాలుగా చెప్పారు. అందులో సగం తప్పు. రెండు మూడు అయితే ప్రమాదం. ఆవిడకి రాసిన జవాబే పెరిగి పెరిగి ఇంత అయింది.

మేముండేది టెక్సస్‌లో, హ్యూస్టన్‌కి పడమటి వైపు. బెరిల్ జులై 8 సోమవారం తెల్లవారుజామున మాటగోర్డా దగ్గర తీరం దాటింది. అప్పటికి కేటగిరీ 1, అంటే గాలి వేగాన్ని బట్టి చెప్పే ఐదు స్థాయిల్లో అన్నిటికన్నా కిందిది. అంతకు వారం ముందే కరీబియన్‌లో కేటగిరీ 5 దాకా వెళ్ళిన తుఫాను అది, సీజన్‌లో అంత ముందుగా ఆ స్థాయికి చేరినది అట్లాంటిక్ రికార్డుల్లో ఇంకోటి లేదు. మా దాకా వచ్చేసరికి కేటగిరీ ఒకటే కదా అని మేం తేలిగ్గా తీసుకున్నాం. హ్యూస్టన్ చుట్టుపక్కల ఇరవై లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. ఎక్కడ కరెంటు ఉందో తెలుసుకోడానికి జనం వాటాబర్గర్ అనే బర్గర్ షాపుల యాప్ తెరిచి ఏ షాపు తెరిచి ఉందో, ఏది మూసి ఉందో చూసుకున్నారు, మేమూ అదే చేశాం. ఆ వారం అంత అయోమయంగా గడిచింది.

సరే, ఆ మనిషి. మంచిగా మాట్లాడాడు. మూడు విషయాలు చెప్పాడు, మూడూ మాకు తేనెలా వినిపించాయి. మీ ఇన్సూరెన్స్ వాళ్ళతో మీరు తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు, మేమే మాట్లాడి మొత్తం ఇప్పిస్తాం. డిడక్టిబుల్ మేమే సర్దుతాం, మీ జేబులోంచి ఒక్క డాలర్ కూడా పడదు. మెటీరియల్ దొరకడం కష్టంగా ఉంది కాబట్టి 1,800 డాలర్లు జెల్ చేస్తే (బ్యాంకు నుంచి బ్యాంకుకి ఫోన్‌లో నేరుగా పంపేస్తే) రేపు పొద్దున్నే టార్ప్ (టార్పాలిన్) వేసి, శనివారానికి చెట్టు తీసేస్తాం. డిడక్టిబుల్ మాట మా ఆయన్ని పడగొట్టింది, ఎందుకంటే ఇక్కడ గాలి, హరికేన్ నష్టాలకి డిడక్టిబుల్ చాలా పాలసీల్లో శాతంలో ఉంటుంది. ఇంటికి 4 లక్షల డాలర్ల కవరేజీ ఉండి డిడక్టిబుల్ 2 శాతం అయితే, 8,000 డాలర్లు మన చేతి నుంచి పడ్డాకే కంపెనీ డబ్బు మొదలవుతుంది. అది పోదు అంటున్నాడు కదా! డబ్బు పంపేశారు.

ఆ రాత్రి పదింటికి పిల్లలు ఉక్కకి నిద్రపోక ఏడుస్తుంటే అందరం కారులో కూర్చున్నాం. కారుని గ్యారేజీలోంచి రోడ్డు మీదకి తెచ్చి, ఏసీ వేసి, ఫోన్లు ఛార్జింగ్ పెట్టాం. (ఇంజన్ ఆన్ చేసి గ్యారేజీలో కూర్చోవద్దు, తలుపు తెరిచి ఉన్నా సరే. జనరేటర్ కూడా ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో పెట్టాలి. తుఫానులో బతికి బయటపడి, ఆ తర్వాత కార్బన్ మోనాక్సైడ్‌తో పోయేవాళ్ళు ప్రతిసారీ ఉంటున్నారు.) అప్పుడు నా ఫోన్‌లో ఈమెయిల్ కనిపించింది. ఆరు పేజీల పీడీఎఫ్, కింద మా ఆయన వేలి గీత. అత్తయ్య వెనక సీట్లోంచి, ఏమిటమ్మాయ్ అది అంత సేపు చదువుతున్నావు అంటే నాకు నోట మాట రాలేదు. పైకప్పు ఎక్కే పర్మిషన్ అన్న మాట మొదటి పేజీలో ఒక్క లైను. మిగతాదంతా, ఇన్సూరెన్స్ ఒప్పుకున్న పని మొత్తం ఈ కంపెనీకే ఇస్తామని, మధ్యలో మానుకుంటే క్లెయిమ్ మొత్తంలో 25 శాతం పరిహారంగా కడతామని.

శుక్రవారం ఎవరూ రాలేదు. టార్ప్ లేదు. ఫోన్ చేస్తే రింగవుతుంది, ఎత్తరు.

మా ఎదురింటి పెద్దాయన 2017లో హార్వీ హరికేన్‌కి ఇల్లు మునిగి, మళ్ళీ కట్టుకున్న మనిషి. ఆయన దగ్గరికి పీడీఎఫ్ తీసుకెళ్తే, కళ్ళజోడు పెట్టుకుని ఆరు పేజీలూ చదివి, ముందు తేదీ చూశాడు. గురువారం సంతకం కదా, మీకింకా టైముంది అన్నాడు. ఇంటికొచ్చి అమ్మిన ఒప్పందాన్ని మూడు బిజినెస్ రోజుల్లో రద్దు చేసుకునే హక్కు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రూల్‌లో ఉంది, శనివారం లెక్కలోకి వస్తుంది, ఆదివారం రాదు. అంటే మాకు సోమవారం అర్ధరాత్రి దాకా. కొన్ని అత్యవసర రిపేర్లకి ఈ రూల్ వర్తించకపోవచ్చు, కానీ రాసి పంపితే పోయేదేముంది అని ఆయనే దగ్గరుండి రాయించాడు. నాలుగు లైన్లు. ఈ తేదీన చేసుకున్న ఒప్పందం రద్దు చేసుకుంటున్నాం అని. ఈమెయిల్ చేసి, సోమవారం పొద్దున్నే పోస్టాఫీసుకెళ్ళి సర్టిఫైడ్ మెయిల్‌లో కూడా పంపాం. రసీదు ఇప్పటికీ ఉంది.

ఆ మనిషి చెప్పిన మూడు తియ్యటి మాటలూ టెక్సస్‌లో చట్టవిరుద్ధమని కూడా ఆ పెద్దాయన దగ్గరే తెలిసింది. ఇల్లు రిపేరు చేసే కాంట్రాక్టర్ అదే ఇంటి క్లెయిమ్ మీద ఇన్సూరెన్స్ కంపెనీతో మన తరఫున బేరమాడకూడదు. ఆ పని చేయడానికి పబ్లిక్ అడ్జస్టర్ అని లైసెన్స్ ఉన్నవాళ్ళు వేరే ఉంటారు, వాళ్ళ కమిషన్ కూడా ఇక్కడ క్లెయిమ్‌లో 10 శాతం దాటకూడదు. డిడక్టిబుల్ మాఫీ చేస్తాననడం 2019 నుంచి నేరం, మనం డిడక్టిబుల్ కట్టామని రుజువు చూపించమనే హక్కు ఇన్సూరెన్స్ కంపెనీకి ఉంది. ఇక మూడోది, నాకు కడుపు మండే విషయం, విపత్తు తర్వాత వేరే ఊర్ల నుంచి వచ్చే కాంట్రాక్టర్ పని మొదలుపెట్టకముందు డబ్బు అడగకూడదు. మన కౌంటీలోనో పక్క కౌంటీలోనో కనీసం ఏడాదిగా ఆఫీసు ఉన్నవాళ్ళకే దీన్నుంచి మినహాయింపు. ఈ ఒక్క సంగతి తెలిసుంటే 1,800 డాలర్లు మిగిలేవి. ఇంకోటి, టెక్సస్‌లో రూఫింగ్ చేసేవాళ్ళకి రాష్ట్ర లైసెన్స్ అంటూ ఏమీ లేదు, ఎలక్ట్రీషియన్లకీ ప్లంబర్లకీ ఏసీ వాళ్ళకీ ఉంటుంది. కాబట్టి రూఫర్ వచ్చి నేను స్టేట్ లైసెన్స్డ్ అన్నాడంటే అక్కడికక్కడే తలుపేసేయండి. ఫ్లోరిడాలో పద్ధతి వేరు, అక్కడ కాంట్రాక్టర్లకి లైసెన్స్ ఉండాలి, రాష్ట్రం వెబ్‌సైట్‌లో పేరు కొట్టి నిమిషంలో చూసుకోవచ్చు.

ఒప్పందం నుంచి బయటపడ్డాం, డబ్బు రాలేదు. మీరే ఇష్టపడి పంపారు కదా అంది బ్యాంకు. జెల్‌లో పంపితే నగదు చేతిలో పెట్టినట్టే. క్రెడిట్ కార్డు అయితే కనీసం డిస్ప్యూట్ వేసే దారి ఉండేది. కార్డు తీసుకోను, జెల్ మాత్రమే అన్నప్పుడే మాకు అనుమానం రావాల్సింది.

చెట్టు సంగతి చెప్పాలి. ఆ ఆదివారం మధ్యాహ్నం నలుగురు వచ్చారు, ఒక చర్చి తరఫున తిరుగుతున్న వాలంటీర్లు, అందరూ అరవై దాటినవాళ్ళే, చేతిలో మోటారు రంపాలు. పైసా తీసుకోం అన్నారు. మా ఆయన నమ్మలేదు, మూడు రోజుల క్రితమే దెబ్బ తిన్నాం కదా. వాళ్ళూ కాగితమే తీశారు! నా గుండె ఝల్లుమంది. కానీ అది ఒక్క పేజీ, పెద్ద అక్షరాలు, మీ స్థలంలోకి రావడానికి అనుమతి, పొరపాటున ఏదైనా పాడైతే మా మీద దావా వేయరు అని రెండే విషయాలు. వాళ్ళలో పెద్దావిడ ఆ కాగితం మా చేతికిచ్చి, మీరు లోపలికెళ్ళి నింపాదిగా చదువుకోండి, ఎవరికైనా చూపించాలంటే చూపించండి, మేం ఈలోపు రంపానికి పదును పెట్టుకుంటాం అని వెళ్ళి ట్రక్కు వెనక కూర్చుంది. ఇరవై నిమిషాలు అక్కడే కూర్చున్నారు. మేం సరే అన్నాక రెండున్నర గంటల్లో కొమ్మ తీసి, టార్ప్ వేసి, అంచుల్లో చెక్క పట్టీలు కొట్టి వెళ్ళారు. అత్తయ్య ఇచ్చిన మజ్జిగ మాత్రం తాగారు. ఆ ఇరవై నిమిషాలు నాకు ఇప్పటికీ గుర్తే. నిజంగా సాయం చేసేవాళ్ళకి మనం చదువుకునేదాకా ఆగే ఓపిక ఉంటుంది. ఇలాంటివాళ్ళు ఎక్కడున్నారో తెలియకపోతే 211కి ఫోన్ చేయండి, మీ ప్రాంతంలో షెల్టర్లు, భోజనం, వాలంటీర్లు అన్నీ చెప్తారు.

ఇప్పుడు ఫీమా, అంటే విపత్తుల్లో సాయం చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ. మన తెలుగువాళ్ళతో పెద్ద చిక్కు, మనం అసలు అప్లై చేయం. మనకెందుకులే, అది బీదవాళ్ళకి కదా, మనకి ఉద్యోగం ఉంది, మనం తీసుకుంటే ఎవరికో దక్కాల్సింది పోతుందేమో అని మేం కూడా రెండు వారాలు కూర్చున్నాం. ఫీమా ఇచ్చే ఈ సాయం జీతం చూసి ఇచ్చేది కాదు, నష్టం చూసి ఇచ్చేది. మనకిస్తే ఇంకొకరికి ఆగిపోదు. తిరిగి కట్టక్కర్లేదు, ఆదాయం కింద పన్ను కూడా లేదు. అయితే ఇన్సూరెన్స్ ఉంటే ముందు అక్కడ క్లెయిమ్ వేయాలి, ఒకే నష్టానికి రెండు చోట్లా తీసుకోకూడదు, వాళ్ళు కవర్ చేయని దానికే ఫీమా. అప్లై చేయడానికి డిజాస్టర్ అసిస్టెన్స్ డాట్ గవ్, లేదా ఫీమా యాప్, లేదా 1-800-621-3362. ఇంగ్లీషులో ఇబ్బందిగా ఉంటే దుబాసీ కావాలని అడగొచ్చు. మీ కౌంటీ పేరు ప్రెసిడెంట్ ప్రకటించిన విపత్తు జాబితాలో ఉండాలి, మామూలుగా ఆ ప్రకటన నుంచి 60 రోజులు గడువు ఉంటుంది, ఒక్కోసారి పొడిగిస్తారు. పొడిగిస్తారులే అని మాత్రం ఆగకండి.

వీసా సంగతి వేరేగా చెప్పాలి, ఎందుకంటే అందరూ తప్పు చెప్పేది ఇక్కడే. నాకు తమ్ముడి వరసయ్యే అబ్బాయి హెచ్ వన్ మీద అపార్ట్‌మెంట్‌లో ఉంటాడు, సీలింగ్ కారి పరుపులు, లాప్‌టాప్, పాప తొట్టి అన్నీ తడిసిపోయాయి. మేం హెచ్ వన్ కదక్కా, మాకేం రాదు, పైగా గ్రీన్ కార్డు పాడైపోతుంది అన్నాడు. సగం నిజం. నగదు సాయానికి సిటిజన్లు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు, శరణార్థులు లాంటి కొన్ని వర్గాలే అర్హులు, హెచ్ వన్ ఆ జాబితాలో లేదు. కానీ వాళ్ళ పాప ఇక్కడే పుట్టింది, అమెరికన్ సిటిజన్, సోషల్ సెక్యూరిటీ నంబర్ ఉంది, అదే ఇంట్లో ఉంటుంది. అలాంటప్పుడు తల్లో తండ్రో ఆ బిడ్డ తరఫున అప్లై చేయొచ్చు. వాళ్ళు అదే చేశారు. పిల్లలు లేని హెచ్ వన్ వాళ్ళకీ, ఎఫ్ వన్ స్టూడెంట్లకీ నగదు రాకపోయినా షెల్టర్, భోజనం, నీళ్ళు, అత్యవసర వైద్యం, మానసిక సలహా, ఉచిత న్యాయ సలహా లాంటివి ఉంటాయి, వాటికి వీసా అడ్డం కాదు. హార్వీ అప్పుడు యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్‌లో సుమారు 200 మంది ఇండియన్ స్టూడెంట్లు నీళ్ళలో చిక్కుకున్నారని సుష్మా స్వరాజ్ గారు ట్వీట్ చేయడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పుడు మా వైపు ఇండియన్ సంఘాలు, సేవా ఇంటర్నేషనల్ వాళ్ళు వీధుల్లో తిరిగి పనిచేశారు. అలాంటి చోట అడగడానికి మొహమాటపడకండి. ఇక గ్రీన్ కార్డు భయం, బెరిల్ నాటి రూల్స్ ప్రకారం విపత్తు సాయం పబ్లిక్ ఛార్జ్ (ప్రభుత్వ సాయం మీద ఆధారపడి బతుకుతారని గ్రీన్ కార్డు కాదనడం) లెక్కలోకి రాదు. ఇమిగ్రేషన్ రూల్స్ మారుతూ ఉంటాయి కాబట్టి మీ కేసు గురించి టెన్షన్ ఉంటే మీ అటార్నీని ఒక్క మాట అడగండి, వాట్సాప్‌లో అంకుల్స్‌ని కాదు.

ఆ అబ్బాయికే ఇంకోటి జరగబోయింది. ఒక గ్రూపులో ఎవరో, ఫీమా ఫారం మేం నింపిపెడతాం, 100 డాలర్లు, గ్యారంటీ అప్రూవల్, పేరు, పుట్టిన తేదీ, సోషల్, బ్యాంకు నంబర్ ఈ ఫోన్‌కి పంపండి అని పెట్టారు. చక్కటి తెలుగులో. అడ్మిన్ ఎవరో మనకి తెలిసినవాళ్ళే, గ్రూపులో మూడొందల మంది మనవాళ్ళే, కాబట్టి పెట్టింది కూడా మనవాడే అయి ఉంటాడని నమ్మకం. అబ్బాయి సగం టైప్ చేసి, ఎందుకో నాకు స్క్రీన్‌షాట్ పంపాడు. ఫీమా అప్లికేషన్‌కి ఫీజు లేదు, గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు. పైగా ఆ వివరాలు చేతికి చిక్కితే వాడు మీ పేరు మీద తన బ్యాంకు నంబర్ పెట్టి అప్లై చేసేస్తాడు. మీరు తర్వాత అప్లై చేస్తే, ఈ నంబర్ మీద ఇప్పటికే ఒక అప్లికేషన్ ఉంది అని వస్తుంది. అలా వచ్చిందంటే వెంటనే ఫీమా హెల్ప్‌లైన్‌కే చెప్పాలి. మన భాషలో మాట్లాడినంత మాత్రాన మనవాడైపోడు. నాకు రాయడానికి బాధగానే ఉంది కానీ నిజం.

మోసపోయాక ఇంకో రకం నష్టం ఉంటుంది, దాని గురించి ఎవరూ చెప్పరు. మేం అప్లై చేసిన పది రోజులకి మా ఆయనకి తెలియని నంబర్ల నుంచి ఫోన్లు వచ్చాయి. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి నంబరే కనపడకుండా. ఒక్కటీ ఎత్తలేదు, అన్నీ స్కాములే అని తేల్చేశారు. తర్వాత ఉత్తరం వచ్చింది, ఇన్‌స్పెక్టర్ మిమ్మల్ని అందుకోలేకపోయారు కాబట్టి ఇప్పుడు అర్హత లేదు అని. ఫీమా ఇన్‌స్పెక్టర్లు తెలియని నంబర్ల నుంచీ, నంబర్ కనపడని ఫోన్ల నుంచీ చేయడం మామూలే! అంటే దొంగా దొరా ఒకే రకంగా ఫోన్ చేస్తారు. మరి ఎలా? ఎత్తండి. ఎత్తి, మీ నుంచి ఏదీ ఇవ్వకండి. అప్లై చేసినప్పుడు మనకి తొమ్మిది అంకెల రిజిస్ట్రేషన్ నంబర్ ఇస్తారు, అసలు ఇన్‌స్పెక్టర్ దగ్గర అది ముందే ఉంటుంది, దాన్ని వాళ్ళనే చెప్పమనండి. ఇంటికొస్తే ఫొటో ఉన్న అధికారిక బ్యాడ్జి చూపించమనండి, ఫీమా అని రాసున్న చొక్కా, జాకెట్ లెక్కకు రావు, అవి ఎవరైనా కుట్టించుకోవచ్చు. ఇన్‌స్పెక్టర్ డబ్బు అడగడు, బ్యాంకు వివరాలు అడగడు, రిపేరుకి ఫలానా కంపెనీ మంచిది అని చెప్పడు. ఏ మాత్రం తేడా అనిపించినా పెట్టేసి, వాళ్ళిచ్చిన నంబర్‌కి కాకుండా 1-800-621-3362కి మీరే చేసి కనుక్కోండి.

ఆ ఉత్తరం చూసి మా ఆయన, అయిపోయిందిలే అని మడిచి పెట్టేశారు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఇన్‌ఎలిజిబుల్ అన్న మాటకి అర్థం చాలాసార్లు ఒక కాగితం తక్కువైందని మాత్రమే, ఇన్సూరెన్స్ వాళ్ళ లెటర్ అందలేదనో, ఆ ఇంట్లో ఉంటున్నట్టు రుజువు లేదనో. ఉత్తరం మీద ఉన్న తేదీ నుంచి 60 రోజుల్లో అప్పీల్ చేసుకోవచ్చు. మేం హెల్ప్‌లైన్‌కి చేసి మళ్ళీ ఇన్‌స్పెక్షన్ పెట్టించుకున్నాం, వచ్చినావిడ ముప్పావు గంట గది గదీ చూసి వెళ్ళింది, మూడు వారాల్లో డబ్బు పడింది. మొత్తం నష్టానికి అది చాలదు, చాలుతుందని ఎవరూ అనుకోవద్దు. కానీ పిల్లల గదికి షీట్‌రాక్ (గోడలకీ సీలింగ్‌కీ కొట్టే పలకలు) దానితోనే వేయించాం.

అదే ఏడాది సెప్టెంబర్ 26న ఫ్లోరిడాలో తీరం దాటిన హెలీన్ నార్త్ కరోలినా కొండల్లో ఊళ్ళకి ఊళ్ళనే ఊడ్చేసినప్పుడు, ఫీమా ఇచ్చేది 750 డాలర్లే, అది కూడా అప్పు, కట్టకపోతే ఇల్లు లాక్కుంటారు అని ఒక పుకారు మన గ్రూపుల్లో కూడా తిరిగింది. అది అబద్ధం. ఆ 750 అప్పట్లో తిండికీ నీళ్ళకీ మందులకీ మొదట ఇచ్చిన సీరియస్ నీడ్స్ సాయం, ఇంటి రిపేరు, అద్దె, సామాన్లు వేరే లెక్క. ఆ పుకారు నమ్మి అప్లై చేయనివాళ్ళ గురించి తలుచుకుంటే నాకు మోసగాళ్ళ మీద కన్నా ఎక్కువ కోపం వస్తుంది. ఇంకో పుకారు జనరేటర్ కొంటే ఫీమా డబ్బిచ్చేస్తుందని. వైద్య అవసరం ఉందని చూపిస్తేనే.

అప్పు అనేది వేరే ఉంది, ఎస్‌బీఏ లోన్, అంటే స్మాల్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ అనే ప్రభుత్వ సంస్థ ఇచ్చేది. పేరులో స్మాల్ బిజినెస్ అని ఉన్నా ఇంటివాళ్ళకీ, అద్దెకున్నవాళ్ళకీ కూడా ఇస్తారు, ఇంటికి 5 లక్షల డాలర్ల దాకా, సామానుకి లక్ష దాకా, తక్కువ వడ్డీకి. ఇది మాత్రం తిరిగి కట్టాల్సిందే. దీనికి కూడా అప్లికేషన్ ఫీజు లేదు, కాబట్టి ముందు ప్రాసెసింగ్ ఫీజు కట్టండి అన్నవాడు ఎస్‌బీఏ కాదు.

ఇన్సూరెన్స్ గురించి రెండే రెండు మాటలు. మామూలు హోమ్ పాలసీలో వరద ఉండదు, దానికి వేరే ఫ్లడ్ పాలసీ కావాలి, ప్రభుత్వ కార్యక్రమంలో తీసుకుంటే మామూలుగా 30 రోజుల తర్వాతే అమల్లోకి వస్తుంది, తుఫాను టీవీలో కనపడ్డాక తీసుకుంటే లాభం లేదు. రెండోది, తడిసినవి పారేసే ముందు ఫొటోలు. ఒకటి రెండు రోజుల్లోనే బూజు పట్టడం మొదలవుతుంది కాబట్టి నష్టం చూడ్డానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపే అడ్జస్టర్ వచ్చేదాకా కార్పెట్ అలాగే ఉంచాలని లేదు, కానీ తీసేముందు గోడ మీద నీళ్ళు ఎంత ఎత్తుకి వచ్చాయో టేపు పెట్టి ఫొటో తీయండి, కార్పెట్‌లోంచి చెయ్యంత ముక్క కోసి కవర్లో దాచండి, ఫ్రిజ్, వాషర్ సీరియల్ నంబర్ల స్టిక్కర్లు ఫొటో తీయండి. ఫ్రిజ్‌లో పాడైన సరుకులకి కూడా కొన్ని పాలసీల్లో డబ్బు వస్తుంది, అడిగితేనే ఇస్తారు. మాకు వచ్చింది.

తుఫాను తగ్గిన నెల రెండు నెలలకి ఇంకో అల ఉంటుంది, చవక కార్లు. వరదలో మునిగినవి కడిగి, టైటిల్ (కారు ఎవరిదో చెప్పే పత్రం) మార్చి వేరే రాష్ట్రంలో అమ్మేస్తారు, ఎక్కువగా మన స్టూడెంట్ పిల్లలే కొంటారు. ఇన్సూరెన్స్ మోసాలు పట్టే ఎన్ఐసీబీ అనే సంస్థ వెబ్‌సైట్‌లో విన్ చెక్ అని ఉంటుంది, అందులో విన్, అంటే కారు గుర్తింపు నంబర్, ఉచితంగా కొట్టి చూడొచ్చు. అందులో ఏమీ రాకపోయినా సీట్ బెల్టుని పూర్తిగా బయటికి లాగి చివర చూడండి, ఎంత కడిగినా అక్కడ మట్టి గీత ఉండిపోతుంది. స్టెప్నీ టైరు కింద కూడా.

మోసపోతే, లేదా మోసం చేయబోయినా, విపత్తు మోసాల కోసం న్యాయశాఖ పెట్టిన నేషనల్ సెంటర్ ఫర్ డిజాస్టర్ ఫ్రాడ్ ఉంది, 866-720-5721. కత్రీనా తర్వాత 2005లో మొదలైంది. మీ రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసుకి కూడా రాయండి. సిగ్గుపడి ఊరుకోకండి. మా ఆయన రెండు నెలలు ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు, చివరికి లంచ్‌లో నోరు తెరిస్తే ఆ టేబుల్ దగ్గరే ఇంకొకతను, నాకూ అదే ట్యాబ్లెట్, నేను 2,400 ఇచ్చాను అన్నాడు. మేం ముందే చెప్పుంటే అతను ఇచ్చేవాడు కాదేమో. మాకన్నా వారం తర్వాత సంతకం పెట్టాడట.

మా కంప్లైంట్ ఇంకా తెరిచే ఉంది, ఆ కాగితం ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టాం. జూన్ 1న సీజన్ మొదలైన రోజు ఇల్లంతా గది గదీ వీడియో తీశాం, అల్మారా తలుపులు కూడా తెరిచి. పెద్దది ఫోన్ పట్టుకుంటే చిన్నాడు టీవీ వెనక దూరి సీరియల్ నంబర్ గట్టిగా చదివాడు. ఆ వీడియో డాలస్‌లో ఉండే మా అక్కకి పంపించాం, మా ఫోన్లు తడిసినా ఆవిడ దగ్గర ఉంటుంది.